మూత తీసిన కంప్యూటర్లు, ఒక తాత రేడియో

ఆ రోజుల్లో నేను అమ్మిన కంప్యూటర్లలో ఒక్కదానికీ పక్క మూత ఉండేది కాదు. పెట్టెతో పాటు వచ్చేది, నేనే తీసేసేవాణ్ణి. కాకినాడ ఎండకి లోపల వేడెక్కి మెషిను ఆగిపోతుందని నా నమ్మకం. మూత తీసి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, గాలి సూటిగా లోపలికి కొట్టేలా తిప్పితే సాయంత్రం దాకా నడిచేది. ఊళ్లో కంప్యూటర్లు అమ్మే అందరం అలాగే చేసేవాళ్లం. కొన్నవాళ్లు ఆ రేకు మూతల్ని పారెయ్యకుండా ఏదో ఒకదానికి వాడుకునేవారు. ఒకరింట్లో దాని మీద అప్పడాలు ఎండబెట్టడం చూశాను. ఇంకొకరు నీళ్ల డ్రమ్ము మీద కప్పారు. అది చూసి నవ్వుకున్నానే గానీ, ఆ రేకు అక్కడ ఎందుకుందని ఒక్కనాడూ అనుకోలేదు.

రెండు వేల సంవత్సరానికి కాస్త అటూ ఇటూ జరిగిన సంగతి ఇది. నాకప్పటికి ముప్పై నిండలేదు. డిగ్రీ, దాని మీద ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు, అదే నా చదువు. అయినా అందరూ ఇంజనీరు గారు అని పిలిచేవారు. కాదండి అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ పిలుపు నాకు బాగుండేది.

కంప్యూటరంటే అప్పుడు విడివిడి భాగాలు కొని బిగించడమే. చెన్నై వెళ్లి ఒక కొట్లో మదర్‌బోర్డు, ఇంకో కొట్లో డిస్కు, మరో కొట్లో పెట్టె కొని రైల్లో తెచ్చేవాణ్ణి. కరెంటుని లోపలి భాగాలకి సరిపడా మార్చి ఇచ్చే డబ్బా ఒకటి ఉంటుంది, దాన్ని ఎస్‌ఎంపీఎస్ అంటాం. అది పెట్టెతోనే చౌకగా వచ్చేది. చేత్తో పట్టుకుంటే తెలిసిపోయేది, మంచిదానికంటే తేలిక అని. తెలిసే కొన్నాను. దాని స్టిక్కరు మీద మాత్రం పరీక్షకి నిలిచిందని చెప్పే ఎక్కడెక్కడి దేశాల ముద్రలో అన్నీ ఉండేవి.

మదర్‌బోర్డు మంచి కంపెనీది. దాని అట్టపెట్టెలో ఒక కాగితం వచ్చేది. ఒక పక్క సన్న అక్షరాలతో ఇంగ్లీషు, రెండో పక్క తెల్లగా, ఖాళీగా ఉండేది. కాగితం మంచి దళసరి. నేను వాటిని పారెయ్యకుండా పోగుచేసి, ఖాళీ పక్కన కస్టమర్లకి ఎస్టిమేట్లు రాసిచ్చేవాణ్ణి. ఏమేం భాగాలు వేస్తానో వరసగా రాసి, కింద షాపు స్టాంపు వేసి, సంతకం పెట్టేవాణ్ణి. నా చేతిరాత బాగుంటుంది. రెండో పక్క ఏముందో ఎవరూ చదివేవారు కాదు, నేనూ చదవలేదు.

మా షాపుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఒక రేడియో మెకానిక్ గారి కొట్టు ఉండేది. అరవై దాటిన మనిషి. మిషను స్కూల్లో చదువుకున్నారు. వాళ్ల బాప్టిస్టు చర్చిలో మైకుసెట్టు ఆయనే చూసుకునేవారు. అప్పటికి రేడియోలు బాగుచేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆయన కొట్లో గోడవారనంతా చచ్చిన టీవీల బోర్డులు గుట్టగా పడి ఉండేవి. ఆ చెత్త అమ్మేసి జాగా చేసుకోవచ్చు కదండీ అని నేనొకసారి సలహా ఇచ్చాను. ఆయన తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు. నేను వచ్చే కాలానికి చెందినవాణ్ణని, ఆయన పోయే కాలానికి చెందినవారని అనుకునేవాణ్ణి. ఇవాళ రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ ఏడు ఉప్పాడలో చీరల షావుకారు గారొకరు మూడు కంప్యూటర్లు కావాలని అడిగారు. అంచుల డిజైన్లు అప్పటిదాకా గళ్ల కాగితం మీద చేత్తో వేసేవారు. కంప్యూటరు మీద వేస్తే రంగులు మార్చి చూసుకోవచ్చని ఆయన ఉద్దేశం. ఆయన కోడలు డిజైన్లు బాగా వేసేది, నేర్చుకుంటానంది. నేత వీధిలో చివరి ఇల్లు వాళ్లది. వాళ్ల వెనక గోడకి ఆనుకునే జాలర్ల ఇళ్లు మొదలవుతాయి. ఆ గోడ వైపున్న వెనక గదిలో మూడూ బిగించాను. గోడకున్న ప్లగ్గులో ఎర్తు కన్నం ఉంది గానీ దాని వెనక తీగ లేదు. పెట్టె ముట్టుకుంటే జిల్లుమనేది. చెప్పులు వేసుకుని కూర్చోమ్మా అని ఆ అమ్మాయికి చెప్పి వచ్చేశాను. అది కూడా అప్పట్లో అందరం చెప్పే మాటే.

రెండు నెలల తర్వాత ఏదో ప్రోగ్రాము ఎక్కించడానికి మళ్లీ వెళ్లాను. పని ముగించుకుని వెనక వైపు నుంచి వస్తుంటే, వెనకింటి తాత తన గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. మోకాళ్లు అరిగిపోయి సముద్రం మీదికి వెళ్లడం మానేసిన మనిషి. ఇంట్లో ఒక పడవ, ఇద్దరు కొడుకులు. వేటకి కొడుకులు వెళతారు. తాతకి మిగిలిన పని ఒక్కటే. రోజూ సాయంత్రం వార్తల తర్వాత రేడియోలో సముద్రం ఎలా ఉంటుందో, గాలి ఎటు వీస్తుందో, వేటకి వెళ్లొచ్చో లేదో చెబుతారు. అది విని తాత కొడుకులకి చెప్పాలి. పొద్దున పడవ నీళ్లలోకి దించాలా వద్దా అనేది ఆ మాట మీద ఉంటుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. తెలుసుకుందామని అడగనూ లేదు.

తాత చేతిలో తోలు సంచి వేసిన రేడియో ఉంది. "బాబూ, మీ మిషన్లు పెట్టిన కాణ్ణించి మా రేడియో గరగరమంటంది. ఒక్క మాటా తెలవట్లేదు" అన్నాడు.

"పాతదైపోయింది తాతా, మరి."

"కరెంటు పోతే బాగానే పలుకుద్ది బాబూ. దీంట్లో ఉండేవి బ్యాటరీలే గదా. కరెంటు రాగానే మళ్లీ గోల."

నా జీవితంలో ఒక కస్టమరు చెప్పిన అత్యంత కచ్చితమైన మాట అది. ఎక్కడ తప్పుందో వేలు పెట్టి చూపించాడు. నాకు లోపల ఎక్కడో అనుమానం కలిగింది కూడా. కానీ మూడు మెషిన్లు, షావుకారు గారు పక్కనే ఉన్నారు, ఇంజనీరు గారనే పేరుంది. తెలివితేటలు అక్కరకి రాకూడని చోట వచ్చాయి.

"కరెంటు పోతే చుట్టుపక్కల ఫ్యాన్లు, టీవీలు అన్నీ ఆగిపోతాయి కదా తాతా. ఊరంతా నిశ్శబ్దంగా ఉంటుంది, అందుకని వినిపిస్తుంది. రేడియోది కాదు తప్పు, వయసుది. కాకినాడ వచ్చి చెవులు చూపించుకో" అన్నాను.

షావుకారు గారు అవునన్నట్టు తలూపారు. గుమ్మం పక్కన వల సర్దుకుంటున్న పెద్ద కొడుకు ఆ మాట విన్నాడు. తాత రేడియో చెవికి ఆనించుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను సముద్రం కోసేసిన రోడ్డు మీద రాళ్లు తప్పించుకుంటూ బండి నడుపుకుంటూ వచ్చాను. ఆ సమాధానం ఎంత బాగా తోచిందో అనుకుని దారంతా సంబరపడ్డాను.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా రోజులకి గానీ తెలీలేదు. ఒక సాయంత్రం ఆ గోలలో తాతకి సగం మాటలే వినపడ్డాయి. ఎందుకైనా మంచిదని వేటకి వద్దన్నాడు. మర్నాడు, ఆ మర్నాడు కూడా మిగతా పడవలు వెళ్లి నిండుగా తిరిగొచ్చాయి. వీళ్ల పడవ ఇసక మీదే ఉంది. పెద్ద కొడుకు రేడియోని కాకినాడ తెచ్చి, మా ఎదుటి మెకానిక్ గారికే ఇచ్చాడు. ఆయన చూసి బాగానే ఉందన్నారు. వార్తల వేళకి కొడుకులు ఒడ్డున పడవ దగ్గర ఉంటారు, ఇంట్లో విన్న తాత మాత్రం మళ్లీ అదే గరగర అన్నాడు. రెండోసారి తెచ్చాడు, రెండోసారీ బాగానే ఉందన్నారు. ఇక రేడియోలో తప్పు లేదంటే, కంప్యూటరు ఇంజనీరు చెప్పినట్టు తప్పు చెవుల్లోనే. ఆ రోజు నుంచి కొడుకులు తాతని అడగడం మానేశారు. ఎవరినో అడిగి, ఆకాశం చూసి, వాళ్లే నిర్ణయించుకునేవారు. అలా ఒక పొద్దున, గాలి మారుతుందని రేడియో చెప్పిన రోజే బయల్దేరారు. ఒడ్డుకి చేరేసరికి సాయంత్రమైంది. వల పోయింది. మనుషులకి ఏమీ కాలేదు. ఆ ఒక్క మాట నేను రాయగలుగుతున్నందుకు ఈ రోజుకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను.

ఆ మర్నాడు తాత ఒక్కడే బస్సెక్కి కాకినాడ వచ్చాడు. నా దగ్గరికి కాదు, మెకానిక్ గారి దగ్గరికి. నా చెవులు చూడండి బాబూ, మీరు మాట్లాడుతుంటే నాకు వినపడతందా లేదా చెప్పండి అని అడిగాడట. మెకానిక్ గారు కొట్టు మూసి, చిన్న జేబు రేడియో పట్టుకుని, తాతతో పాటు ఉప్పాడ బస్సెక్కారు. ఆ వీధిలో రేడియో పట్టుకుని నడిచారు. తాత ఇంటి నుంచి షావుకారు గారి వెనక గోడ వైపు వెళ్లేకొద్దీ గోల పెరిగింది. లోపలికి వెళ్లి, మూత లేని పెట్టెలు మూడూ చూశారు. ఇవి ఎవరిచ్చారండి అని షావుకారు గారిని అడిగితే, ఆయన ఫైలు తీసి నా ఎస్టిమేట్ చూపించారు. మెకానిక్ గారికి ఏ కాగితమైనా రెండు పక్కలా చదివే అలవాటు.

మర్నాడు పొద్దున్నే ఆయన రోడ్డు దాటి మా షాపుకి వచ్చారు. అంతకు ముందెప్పుడూ రాలేదు.

"ఇంజనీరు గారూ, కాస్త ఇంగ్లీషు చదివిపెట్టాలండి" అంటూ కాగితం చేతిలో పెట్టారు.

చూశాను. "ఇది నేను రాసిన ఎస్టిమేటేనండి" అన్నాను.

"తెలుసండి, మీ రాత ముత్యాల్లా ఉంటుంది. రెండో పక్క చదవండి."

తిప్పి చదివాను. ఎన్ని వందల కాగితాలు నా చేతుల మీదుగా వెళ్లాయో, చదవడం అదే మొదటిసారి. అందులో ఉన్నది ఇంతే. ఈ భాగాన్ని విడిగా అమ్ముతున్నాం. ఇది పనిచేసేటప్పుడు చుట్టుపక్కల రేడియోల్ని చెడగొట్టే అలజడి పుడుతుంది, అది హద్దు దాటకుండా ఉందని పరీక్ష చేయించాం. కానీ ఆ మాట నిలబడాలంటే దీన్ని రేకు పెట్టెలోనే బిగించాలి, మూతలన్నీ ఉండాలి, స్క్రూలు బిగించాలి, ఎర్తు ఇవ్వాలి, ఇలాగే పరీక్షకి నిలిచిన ఎస్‌ఎంపీఎస్ వాడాలి. విడి భాగాలు కలిపి బిగించిన వాళ్లదే మొత్తం మెషిను బాధ్యత. దగ్గర్లో రేడియోకో టీవీకో ఇబ్బంది అయితే ఏరియల్ తిప్పి చూడండి, రెండింటినీ దూరం జరపండి, వేరే ప్లగ్గులో పెట్టండి. అప్పటికీ పోకపోతే...

నేను ఆగిపోయాను.

"ఆ చివరి లైను పైకి చదవండి" అన్నారాయన.

"డీలరుని గానీ, అనుభవం ఉన్న రేడియో టీవీ మెకానిక్‌ని గానీ సలహా అడగాలి."

"డీలరు మీరు. ఆ రెండోవాణ్ణి నేను. ఇద్దరం ఇక్కడే ఉన్నాం. ఉప్పాడ బస్సు పదిన్నరకి."

ఆయన నవ్వలేదు. అప్పుడే తాత సంగతంతా చెప్పారు, వల పోయిన రోజుతో సహా. రెండుసార్లు బాగుచేయడం రాని మెకానిక్ అనిపించుకున్న సంగతి మాత్రం చెప్పలేదు. అది నేనే తర్వాత గ్రహించుకున్నాను.  లేచి షట్టరు దించాను.

బస్సులో ఆయన ఒక సంచి ఒళ్లో పెట్టుకున్నారు. అందులో చచ్చిన టీవీల బోర్డుల నుంచి పీకిన రాగి తీగ చుట్టిన కాయిల్సు, కెపాసిటర్లు ఉన్నాయి. నేను చెత్త అన్న గుట్టలోవి.

ముందు మూతలు వెతకాల్సి వచ్చింది. ఒకటి రంగుల గిన్నెల కింద పళ్లెంలా ఉంది, ఒకటి కిటికీకి అడ్డంగా ఉంది. మూడోది షావుకారు గారి కోడలు కాసేపు ఆలోచించి, పెరట్లో కోళ్ల గూడు మీద నుంచి తెచ్చింది. కడిగి, వంకరలు తీసి బిగించాం. గోల సగం తగ్గింది. సగం అలాగే ఉంది. ఎస్‌ఎంపీఎస్ విప్పమన్నారు ఆయన. విప్పాను. లోపల బోర్డు మీద కరెంటు వచ్చే చోట కాయిల్ బొమ్మ అచ్చు వేసి ఉంది, కాయిల్ లేదు. దాని బదులు రెండు తీగ ముక్కలు అతికించారు. పక్కన కెపాసిటర్లు ఉండాల్సిన కన్నాలు ఖాళీగా ఉన్నాయి. బయట స్టిక్కరు మీద అన్ని ముద్రలూ ఉన్నాయి. లోపలి నుంచి అలజడి కరెంటు తీగల్లోకి ఎక్కకుండా ఆపేవే అవి అని ఆయన చెప్పారు. అవి లేకపోవడంతో ఆ వీధి కరెంటు తీగ మొత్తం నా కంప్యూటర్ల గోలని మోస్తోంది. ఆ డబ్బా తేలిగ్గా ఎందుకుందో అర్థమైంది. నేను చేత్తో పట్టుకుని తెలుసుకున్నది నిజమే, తెలిసీ బిగించిందీ నిజమే.

సంచిలోని కాయిల్సు, కెపాసిటర్లు పెట్టి ఆయన అతుకులు వేశారు, నేను పట్టుకున్నాను. మూడింటికీ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. తర్వాత ఎర్తు. పెరట్లో గుంట తవ్వాలంటే తాత పెద్ద కొడుకు గడ్డపార పట్టుకుని వచ్చాడు. మేమెందుకు తవ్విస్తున్నామో అతనికి ఇంకా తెలీదు. పైపు దించి, బొగ్గు వేసి, ఉప్పు పొయ్యాలన్నారు మెకానిక్ గారు.

"సముద్రం పక్కన ఉప్పు పొయ్యడం ఏంటండీ, ఇక్కడ మూడు బారలు తవ్వితే ఉప్పునీళ్లే" అన్నాడతను.

"పోనిద్దురూ, పుస్తకంలో ఉన్నట్టు చేద్దాం. ఇంజనీరు గారు ఇవాళ్టి నుంచి పుస్తకం చదువుతారంట" అన్నారాయన. అందరూ నవ్వారు, నేను కూడా. ఆ రోజు నాకు దొరికిన దయ అది. తిట్టాల్సిన చోట ఆయన వేళాకోళంతో సరిపెట్టారు.

మూతలు బిగించిన కంప్యూటర్లు ఎండాకాలమంతా ఒక్కసారీ ఆగలేదు. మూత ఉంటేనే వెనక ఫ్యాను లాగే గాలి సరైన దారిన వెళుతుందట. అది కూడా పెట్టెలో వచ్చిన పుస్తకంలోనే ఉంది. ఆ తర్వాత నేను అమ్మిన చోటికల్లా, నిడదవోలు దాకా వెళ్లి, మూతలు వెతికించి బిగించాను. ఎస్‌ఎంపీఎస్‌లు మార్చాను. అన్ని చోట్లకీ వెళ్లానని చెప్పుకోలేను. తునిలో ఇద్దరి దగ్గరికి వెళ్లలేదు. ఇన్నాళ్లూ ఎందుకిలా ఇచ్చావని గట్టిగా అడిగే మనుషులు వాళ్లు. వాళ్ల పక్కిళ్లలో ఎవరి రేడియో ఎన్నాళ్లు గరగరమందో నాకు తెలీదు. మెకానిక్ గారు మాత్రం అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక గంట మా షాపులో కూర్చుని, చెన్నై నుంచి వచ్చిన ప్రతి డబ్బానీ విప్పి చూశాకే నన్ను బిగించనిచ్చేవారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. ఎస్టిమేట్ వేరే కాగితం మీద రాయాలి, మదర్‌బోర్డుతో వచ్చిన కాగితం కస్టమరుకి చదివి చెప్పి ఇవ్వాలి. ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే జరిగింది. నాకు పని నేర్పింది ఆ ఆరు నెలల కోర్సు కాదు, ఆ గంటలు.

కానీ ఆ సాయంత్రం సంగతి చెప్పకుండా ముగిస్తే అసలుది దాచుకున్నట్టే.

వార్తల వేళకి అందరం తాత వాకిట్లో ఉన్నాం. షావుకారు గారింట్లో మూడు కంప్యూటర్లూ నడుస్తున్నాయి. కోడలు కావాలనే ఆపలేదు. తాత రేడియోని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో చక్రం తిప్పాడు. వార్తలు చదివే గొంతు వచ్చింది. శుభ్రంగా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది. తాత చెవి దగ్గరికి తీసుకోబోయి, అక్కర్లేదని తెలిసి, మళ్లీ ఒళ్లోనే పెట్టుకున్నాడు.

పెద్ద కొడుకు, "బాగుచేశారా అండి?" అని మెకానిక్ గారిని అడిగాడు.

ఆయన నా వైపు చూశారు. ఏదో చిన్న అడ్జస్ట్‌మెంట్ అని చెప్పేస్తే సరిపోతుందని నా మనసులో మాట తయారైంది. అప్పటికి కూడా తయారైంది. దాన్ని మింగాను.

"రేడియో ఎప్పుడూ పాడవలేదండి. తాత చెవులు బాగున్నాయి. కరెంటు పోతే వినపడుతుందని ఆ రోజే సరిగ్గా చెప్పాడు. తప్పు నా కంప్యూటర్లది. అనుమానం వచ్చి కూడా వయసు మీదకి నెట్టాను. వల పోవడానికీ నేనే కారణం" అన్నాను.

 పెద్ద కొడుకు చేతిలోని తాడు కింద పెట్టి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. తాత మాత్రం చెయ్యెత్తి, "ఉండండి, సముద్రం సంగతి వస్తంది" అన్నాడు.

వచ్చింది. గాలి ఎటు నుంచో, ఎంత జోరుగానో, వేటకి వెళ్లొచ్చో లేదో ఒక్కో మాటా వాకిలంతా వినపడింది. గోడవతల షావుకారు గారికి కూడా వినపడి ఉంటుంది. అయ్యాక తాత రేడియో కట్టేశాడు.

పెద్ద కొడుకు దానికి రెండడుగుల దూరంలోనే కూర్చున్నాడు. ఒక్క మాటా పోకుండా విన్నాడు. అయినా తండ్రి వైపు తిరిగాడు.

"ఏమన్నారు నాన్నా? వెళ్లొచ్చా?"

తాత గొంతు సవరించుకుని, గాలి సంగతితో మొదలుపెట్టి, అంతా మళ్లీ చెప్పాడు.